మ్యావ్‌మన్న మోకాలు

మూడో తరగతి చదువుతున్న లిఖిత మోకాలి ఎముక ఒక పొద్దున్న, చద్దన్నం తినే వేళకు, స్పష్టంగా మ్యావ్‌మంది.

తల్లి గౌరీశ్వరి చేతిలోంచి గరిటె జారిపోయింది. కూతురు తుమ్మితే ఊపిరితిత్తులు పోయాయనీ, పన్ను ఊగితే దవడ ఊడిపోతుందనీ హడలిపోయే మనిషి ఆమె. ఈసారి ఊహించుకోవలసిన పనేమీ లేకపోయింది. మోకాలు ఎర్రగా వాచింది, ఒళ్లు కాలిపోతోంది, పెంపుడు పిల్లి గీరిన చోట తాను అద్దిన పసుపు ఇంకా మరకగా కనిపిస్తోంది.

పెద్దాసుపత్రిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. చీటీలు రాసే ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"ఏటని అరిసిందమ్మా?"

"మ్యావ్‌మందండీ. పిల్లితో ఆడుకుంటంటే గీరీసింది."

"ఎవలు సెప్పమన్నారమ్మా నీకా మాట? మెట్ల మీంచి పడిపోనాదంటే ఎముకల వార్డుకి రాసీదాన్ని. పిల్లి అనీసినావు గదా, ఇంక పశువులాసుపత్రే."

రూలు సబబైనదే. ఎముక ఏ జంతువు గొంతుతో అరిస్తే ఆ జంతువును చూసే శాఖే దానికి బాధ్యత వహించాలి. పక్క బల్ల మీద చిలక పొడిచిన పిల్లాడొకడు కూర్చుని ఉంటే, వాడి మోచేయి వచ్చేపోయే నర్సులను పేరు పెట్టి పిలుస్తోంది. దాన్ని అటవీ శాఖకు పంపారు.

వరండాలో ఎదురైన ఎముకల డాక్టరు దయగలవాడు. మోకాలికి స్టెతస్కోపు ఆనించి విన్నాడు.

"అరిచినంతసేపూ చీము పైపైనే ఉన్నట్టమ్మా. నోరు మూసుకుందంటే మూలుగలోకి దిగినట్టు. అప్పుడు కాలు దక్కదు. తొందరగా వెళ్లండి. నేను మందేస్తే పశువుల వాళ్ల పనిలో వేలు పెట్టినట్టవుతుంది."

గౌరీశ్వరి పిల్లను చంకనెత్తుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా మోకాలిని బతిమాలుతూనే ఉంది. "అరువమ్మా, నా తల్లి కదూ, ఇంకోపాలి అరువు." మోకాలు పశువులాసుపత్రి గేటు దాకా అరిచింది. గేటు దాటగానే ఊరుకుంది.

పశువుల డాక్టరు పద్ధతి గల మనిషి. లిఖితను బల్ల మీద పడుకోబెట్టి మోకాలిని వేళ్లతో తట్టి చూశాడు.

"పేషెంటు అరవాలమ్మా. అరవకపోతే పిల్లి అని నేనెలా రాసేది?"

"ఇప్పటిదాకా అరిసింది బాబూ! మూలుగలోకి దిగిపోతంది, మందెయ్యండి బాబూ!"

"మనుషులకి మందేస్తే నా ఉద్యోగం పోతుంది. రేపు అరిస్తే తీసుకురండి."

లిఖిత కళ్లు తెరిచి, "అమ్మా, నొప్పెడతంది" అంది.

"చూశారా," అన్నాడు డాక్టరు, "తెలుగు మాట్లాడుతోంది."

గౌరీశ్వరి కూతురి కాలి మీదికి వంగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మ్యావ్‌మంది. మొదటిది సిగ్గుతో సన్నగా వచ్చింది. రెండోదానికి కిటికీలో కాకి లేచిపోయింది.

డాక్టరు మోకాలి వంక చూశాడు, కొంగు వంక చూశాడు. "మంచి జాతి పిల్లి" అని సిరంజి అందుకున్నాడు.

మందు పూర్తయ్యేదాకా రోజూ రావాలి, రోజూ అరవాలి. వాపు తీసింది, జ్వరం దిగింది, పిల్ల గోడ పట్టుకుని నడిచింది. మోకాలు మళ్లీ నోరెత్తలేదు కాబట్టి అరుపులన్నీ గౌరీశ్వరే అరిచింది. అందులో కొత్తేమీ లేదని పశువులాసుపత్రి వరండాలో తెలిసింది. బెంచీ మీద తల్లులంతా వరసగా కూర్చుని గొంతులు సవరించుకుంటున్నారు. ఒకావిడ అంబా అంటోంది. ఇంకొకావిడ కూస్తోంది. తాబేలు కరిచిన పిల్ల తల్లి మాత్రం, తాబేలు ఎలా అరుస్తుందో ఎవరినడిగినా తెలియక, ఏడుస్తోంది.

ఆఖరి ఇంజక్షను నాడు ఒక కొత్త తల్లి, కాలు వాచిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి మెల్లగా మొరిగింది. లోపలివాళ్లెవరూ తల తిప్పలేదు. గౌరీశ్వరి బెంచీ మీద జరిగి చోటిచ్చింది.

"అలాగ మొరిగితే ఎవలింటారు సెల్లీ? పిల్లడి కాలు గాదేటి? సిగ్గొగ్గీ. కడుపులోంచి మొరుగు."