పూలకుండీకి పరామర్శ

శుక్రవారం పొద్దున కెన్సాకు వేసుకున్న పథకం చాలా చిన్నది. ట్రామ్ డిపోకి వెళ్ళేముందు కుండీలోని ఐరిస్ మొగ్గను ఒకసారి చూసుకోవడం, అది బుద్ధిగా ముడుచుకునే ఉందని తృప్తిపడటం, సూప్ తాగి బయల్దేరడం. సూప్ దాకా పోనేలేదు. మొగ్గ కొస విడుతోంది.

ఆదివారం మధ్యాహ్నం పూల సంఘం పెద్ద ఒగాతా గారు వచ్చి చూడాల్సిన పువ్వు అది. కుమమొతోలో ఆ సంఘం తన మొక్కల్ని ఎవరికీ ఊరికే ఇవ్వదు. పెంచమని నమ్మి అప్పగిస్తుంది. పెద్దాయన మెచ్చితే పెంచినవాడు సభ్యుడవుతాడు, మెచ్చకపోతే కుండీ వెనక్కి పోతుంది. మూడేళ్ళుగా కెన్సాకు కన్నతల్లి మందుల వేళలు మరిచాడు గాని ఆ మొక్క నీళ్ళ వేళలు మరవలేదు. ఇవాళే విచ్చుకుంటే ఆదివారానికి రేకులు తడిగుడ్డల్లా వేలాడతాయి.

"హిసానో! ఐసు తేవే!"

"పొద్దున్నే ఐసేమిటండీ?" అంది భార్య.

"పువ్వు తొందరపడుతోంది. గది చల్లగా ఉండాలి. కర్టెన్లు మూసెయ్. గట్టిగా మాట్లాడకు. ఒగాతా గారు చూసేదాకా బయటివాళ్ళకి ఒక్క ముక్క తెలియకూడదు."

"నేనెక్కడ మాట్లాడాను? అరుస్తున్నది మీరేగా!"

దానికి ఇంకో రెండు అరుపులు పడ్డాయి. హిసానొ కళ్ళు ఎర్రబడ్డాయి. కర్టెన్లు మూసిన ఆ చీకట్లోనే, పువ్వుకి అందంగా ఉంటుందని ఇద్దరూ కలిసి కుండీ వెనక బంగారు రంగు మడత తెర నిలబెట్టారు. బొమ్మ ఏదీ లేని తెర. అడుగున ఉండాల్సిన, తెర చేసినవాడి ఎర్రటి ముద్ర పైకెక్కిన సంగతి ఇద్దరూ చూడలేదు. ఆ ఊళ్ళో తెరను తలకిందులుగా పెట్టేది శవం తలాపున మాత్రమే.

కెన్సాకు తల్లి తొమె ఆ తెల్లవారుజామునే చెల్లెలితో కలిసి వేడినీటి బుగ్గలకు బస్సెక్కింది. ఎదురింటి షిజుయెకి మాత్రం చెప్పొద్దని కోడలి దగ్గర మాట తీసుకుంది. చెబితే షిజుయె తానూ వస్తానంటుంది, దారి పొడుగునా వాగుతుంది.

సరిగ్గా ఆ షిజుయే ఇంటింటికీ తిప్పే వీధి నోటీసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. హిసానొ చేతిలో ఐసు సంచి ఉంది.

"ఇంత ఐసా! ఏమైందమ్మాయ్? మీ అత్తగారు కనబడరేం?"

అత్తగారికిచ్చిన మాట గుర్తొచ్చి హిసానొ తల దించుకుంది. "ఆయన ఏమీ చెప్పొద్దన్నారు పిన్నిగారూ. ఆదివారం మధ్యాహ్నం పెద్దాయన వచ్చాక అందరికీ తెలుస్తుంది లెండి" అని గుసగుసగా అంది.

షిజుయె ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. చీకటి గది, ఐసు సంచులు, తలకిందులుగా తెర. ఇక అడగాల్సిందేమీ కనబడలేదు.

"ఏడవకమ్మా. ముసలావిడ నోరు చెడ్డదే గాని మనసు మంచిది."

ఈ మాట ఇప్పుడెందుకో హిసానొకి అర్థం కాలేదు. అందులో మొదటి సగం మాత్రం ఆమెకు బాగా నచ్చింది.

ఐసు పుణ్యమా అని పువ్వు ఆదివారం పొద్దునే విచ్చుకుంది. ఊదా రంగు, అరచేతికంటే పెద్దది. మధ్యాహ్నానికి వీధి వీధంతా నల్లబట్టల్లో, చేత జపమాలలతో వచ్చి వాలింది. ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఎవరూ నోరు మెదపలేదు. వరసగా మోకాళ్ళ మీద కూర్చుని కుండీ వైపు తల వంచారు. శవం తెర వెనక ఉందనుకున్నారు.

కెన్సాకు ఉబ్బిపోయాడు. "మన పువ్వుకి ఎంత మర్యాదే!" అని భార్య చెవిలో ఊదాడు.

"జపమాలలెందుకండీ?" అంది హిసానొ.

జవాబు చెప్పేలోగా ఒగాతా గారు వచ్చారు. ముందు వరసలో కూర్చుని పువ్వును చూశారు, తెరను చూశారు, కనుబొమలు ముడిచారు. ఆయన చూపు వెంట వెళ్ళిన కెన్సాకుకి పైనున్న ఎర్రముద్ర కనబడింది. పైప్రాణాలు పైనే పోయాయి. మూడేళ్ళ కష్టం కళ్ళముందే కుండీతో సహా గుమ్మం దాటిపోతోంది.

అప్పుడే పెరటి తలుపు తీసుకుని తొమె వచ్చింది. ఇల్లంతా నల్లబట్టలు, తిరగబడ్డ తెర. మెల్లగా చివరి వరసలో కూర్చుని పక్కావిడని గిల్లింది.

"ఎవరే పోయింది?"

"మీరేనండీ తొమె గారూ" అని షిజుయె కళ్ళొత్తుకుంది. తర్వాత అడిగిందెవరా అని తిరిగి చూసి, కెవ్వున అరిచి వెనక్కి విరుచుకుపడింది. ఎందుకో తెలియకపోయినా వరసలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి.

ఒగాతా గారు వెనక్కి తిరగలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విచ్చిన రోజే పువ్వు పోవడం మొదలవుతుందని మేమంతా మాటల్లో చెబుతాం. తెర తిప్పిపెట్టి చెప్పినవాణ్ణి ఇవాళే చూశాను. వీధి మొత్తాన్నీ ఏడిపించావయ్యా! కుండీ నీది."

నిజం చెప్పేద్దామని కెన్సాకు నోరు తెరిచాడు. హిసానొ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. మూసుకున్నాడు. మూసుకుని, తల చాపకు ఆనేదాకా వంగి, నిజంగానే ఏడ్చేశాడు.

కెన్సాకు సంఘంలో సభ్యుడయ్యాడు. తొమె మాత్రం తన చావుకు రానివాళ్ళతో ఇప్పటికీ మాట్లాడటం లేదు.