మొహమాటం ఎరిగిన కంప్యూటర్

ఆ ఆదివారం ఉదయం ఉదయభాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి కాకినాడ నుంచి చంద్రరావుగారు వస్తారు. అత్తగారు కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగులో ఒక ఉత్తరం రాస్తారు. ఆయన చూస్తారు, మెచ్చుకుంటారు. అంతే.

భాస్కర్ రామచంద్రపురంలో కాలేజీ పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. కొన్నేళ్లుగా తన సాయంత్రాలన్నీ ధారపోసి ఒక ఆపరేటింగ్ సిస్టం తయారుచేశాడు. లైనక్స్ అని, ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు నచ్చినట్టు మార్చుకోగలిగిన సరుకు ఒకటుంది. దాని మీద కట్టినదే ఇది. పేరు ‘కాలువ’. వైరస్‌లని లోపలికి రానివ్వదు, పని మధ్యలో బిగుసుకుపోదు, కరెంటు పోయి వస్తే తనంతట తనే తేరుకుంటుంది, అన్నీ తెలుగులోనే చెబుతుంది. ఇన్ని సుగుణాలున్నా లోకంలో దాన్ని వాడేది భాస్కర్ ఒక్కడే. పెద్ద ఇల్లు కట్టుకుని, గది గదికీ తనే అతిథిగా వెళ్లి వస్తున్నట్టుగా ఉండేది అతనికి. చంద్రరావుగారికి ఆ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు చదువుకునే బళ్లున్నాయి. ఆయన ఊ అంటే ఆ ఇంట్లోకి జనం వస్తారు.

తొమ్మిదింటికి అత్తగారు సూర్యకళ చేత ఒకసారి రాయించి చూశాడు. ఆవిడ ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ చెల్లెలికి చక్కటి ఉత్తరం రాసింది. మూసేయబోతే తెర మీద ప్రశ్న వచ్చింది: ‘రాసింది దాచమంటారా అండీ?’ కింద రెండు మీటలు, ‘సరేనండి’, ‘వద్దండి’. అంతకుముందు అక్కడ ‘దాచు, వదులు’ అని ఉండేది. పోలీసు హెడ్డు గద్దించినట్టుందని భార్య లావణ్య వెక్కిరిస్తే, సిస్టంలోని మాటలన్నిటికీ కూర్చుని మర్యాద నేర్పాడు.

సూర్యకళ ‘వద్దండి’ నొక్కింది. ఉత్తరం మాయమైంది.

“అదేంటి అత్తయ్యగారూ! వద్దన్నారేంటి?”

“అడగ్గానే సరే అంటే ఏం బాగుంటుంది అల్లుడుగారూ? మళ్లీ అడుగుతుంది కదా అనుకున్నాను.”

“అది కంప్యూటరండీ. ఒక్కసారే అడుగుతుంది.”

“అయ్యో. అంత మర్యాదగా మాట్లాడితేనూ, మనవైపుదే అనుకున్నాను.”

భాస్కర్ నవ్వబోయి ఆగిపోయాడు. తప్పు ఆవిడది కాదు. మర్యాదలో సగం నేర్పి, సగం వదిలేసింది తనే. ఈ గడ్డ మీద మొదటి జవాబు జవాబు కాదు, వట్టి మొహమాటం. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసి కూడా, యంత్రం ముందు కూర్చునేసరికి మరిచిపోయాడు. మనిషి తన గురించి తనకి తెలిసినదాన్నే అన్నిటికన్నా తేలిగ్గా మరిచిపోతాడని అతనికి తోచింది. ఆ ఆలోచన చాలా నచ్చింది. నచ్చడం వల్లే తొందరపడ్డాడు.

సిస్టం అడిగే ప్రశ్నలన్నీ ఒకే చిన్న ప్రోగ్రాం గుండా పోతాయి. అందులో చెయ్యిపెట్టి, ఒకే జవాబు వరసగా మూడుసార్లు చెబితే తప్ప నమ్మవద్దని రాశాడు. రెండోసారి అడిగేటప్పుడు ముందు ‘మొహమాటపడకండి’ అనీ, మూడోసారి ‘ఇది మీ ఇల్లే అనుకోండి’ అనీ చేర్చాడు. సరి చూసుకుందామనుకునేలోగా వీధిలో కారు ఆగింది.

చంద్రరావుగారు తన బళ్లలో కంప్యూటర్లు చూసుకునే అమ్మిరాజుని వెంటపెట్టుకొచ్చాడు. అమ్మిరాజు ముఖంలో, పెళ్లిచూపులకి వచ్చిన మేనమామ ముఖంలో ఉండే అనుమానం ఉంది. లావణ్య ఇద్దరికీ పెసరట్లు పెట్టింది.

“ఇంకోటి వెయ్యమంటారా అండీ?”

“అబ్బే, వద్దమ్మా, వద్దు,” అన్నాడు చంద్రరావుగారు. ఆవిడ వేసింది. ఆయన తిన్నాడు.

చేతులు కడుక్కుని అందరూ కంప్యూటర్ చుట్టూ చేరారు. సూర్యకళ ఉత్తరం రాసింది. చంద్రరావుగారు “భేష్” అన్నాడు. ఆవిడ మూసేయబోయింది. ‘రాసింది దాచమంటారా అండీ?’ పొద్దుటి సంగతి మనసులో పెట్టుకున్న ఆవిడ ఈసారి బుద్ధిగా ‘సరేనండి’ నొక్కింది.

‘మొహమాటపడకండి. రాసింది దాచమంటారా?’

ఆవిడ అల్లుడి వైపు చూసి మళ్లీ ‘సరేనండి’ అంది.

‘ఇది మీ ఇల్లే అనుకోండి. రాసింది దాచమంటారా?’

“సరే అంటుంటే వినదేంటండీ!” సూర్యకళ లేచి నిలబడింది. “అల్లుడింట్లో ఉంటున్నానని దెప్పుతోందా ఏంటి?” అని విసవిసా వంటింట్లోకి వెళ్లిపోయింది.

భాస్కర్‌కి అప్పుడు తెలిసింది. కాదన్న జవాబునే కాదు, అవునన్న జవాబుని కూడా అనుమానించమని రాసేశాడన్న మాట. మూడో ‘సరేనండి’ తనే నొక్కి, “పొద్దున్న చిన్న మార్పు చేశానండి...” అని మొదలుపెట్టాడు. అమ్మిరాజు వినిపించుకోలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు.

“మా ల్యాబులో ఉన్న వైరస్‌లన్నీ ఇందులో ఉన్నాయండి. ఎలా తట్టుకుంటుందో చూద్దాం.”

ఏమీ కాలేదు. యంత్రం నిమ్మళంగా ఉంది. భాస్కర్ గుండెల్లోకి కాస్త గాలి వచ్చింది.

“వైరస్‌ల మాట సరేనండి,” అన్నాడు అమ్మిరాజు. “మాకు వాటికన్నా పిల్లలు ఎక్కువ. కనబడిందల్లా చెరిపేస్తారు. ఆ సెక్యూరిటీ చూడాలి.” అంటూ తెర మీద ఫోల్డర్‌కి గుర్తుగా కనబడిన మొదటి సంచి బొమ్మని ఎంచుకుని, చెరిపే మీట నొక్కాడు.

ఆ సంచిలోనే ‘కాలువ’ మొత్తం ఉంది. భాస్కర్ రాసిన ప్రతి వాక్యం, అతని సాయంత్రాలన్నీ ఉన్నాయి. కాపీ తీసిపెట్టుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాడు. “అది ముట్టుకోకండి” అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంటికొచ్చిన మనిషిని, అందులోనూ ఇప్పుడే పెసరట్టు తిన్న మనిషిని, ముట్టుకోవద్దని ఎలా అనడం? చేతులు నలుపుకుంటూ, “చూడండి, పరవాలేదండి,” అన్న గొంతు తనదేనని గుర్తుపట్టడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

‘ఇదంతా చెరిపేయమంటారా అండీ?’

అమ్మిరాజు ‘సరేనండి’ నొక్కాడు.

‘మొహమాటపడకండి. ఇదంతా చెరిపేయమంటారా?’

అమ్మిరాజు వేలు ఒక్క క్షణం తటపటాయించి, మళ్లీ నొక్కింది. భాస్కర్ కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

‘ఇది మీ ఇల్లే అనుకోండి. ఇదంతా చెరిపేయమంటారా?’

అమ్మిరాజు ఆ వాక్యాన్ని పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు. అతని కళ్ల ముందు ఏ ఇల్లు కదిలిందో గాని నుదుటికి చెమట పట్టింది.

“ఏమండీ భాస్కర్‌గారూ,” అన్నాడు, “ఇందులో ముఖ్యమైనవేమన్నా ఉన్నాయాండీ?”

“కొంచెం,” అన్నాడు భాస్కర్.

“అదేంటండీ బాబూ, చెప్పొద్దా! దానికున్నపాటి బాధ్యత మీకు లేదేంటి?” అని అమ్మిరాజు ‘వద్దండి’ నొక్కాడు. అది మళ్లీ మొదటి నుంచీ మొహమాటపడవద్దంది. “వద్దంటే వద్దండి!” అని దానితో పైకే చెప్పి, మూడుసార్లూ నొక్కేదాకా ఊపిరి తీసుకోలేదు. సంచి ఎక్కడిదక్కడే ఉంది.

చంద్రరావుగారు కుర్చీలో వెనక్కి వాలాడు. భాస్కర్ క్షమాపణ సిద్ధం చేసుకున్నాడు. పొద్దున్న జరిగిన పొరపాటండి, ఒక్క పూట టైమిస్తే సరిచేస్తానండి.

“మాకున్న కంప్యూటర్లూ అడుగుతాయండి,” అన్నాడు చంద్రరావుగారు. “కానీ పిల్లలు ఏం అడిగిందో చదవరు, అవునని నొక్కేస్తారు. పిల్లలేంటి, మా అమ్మిరాజే చదవడు. ఇవాళ మొదటిసారి వాడు చదవడం చూశాను. మా బళ్లన్నిటికీ ఇదే పెట్టిస్తాం. ఆ మూడుసార్లు అడగడం మాత్రం తీసెయ్యకండి. చాలా ఆలోచించి పెట్టినట్టున్నారు?”

తప్పు ఒప్పుకోవడానికీ, పొగడ్త ఒప్పేసుకోవడానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. అందులో భాస్కర్ కాసేపు నిలబడ్డాడు. అటు పొరపాటు, ఇటు పేరు. కానీ ఆ పొరపాటు మరొకరి చేతిలో జరిగేది కాదని, ఈ ఊళ్లో, ఈ అత్తగారితో, ఈ మొహమాటంతో పెరిగినవాడికి తప్ప అది తోచదని అనిపించగానే ఛాతీ తనంతట తనే నిండింది.

“మనవైపు అలాగే అడుగుతాం కదండీ,” అన్నాడు.

చంద్రరావుగారిని కారెక్కించి, అమ్మిరాజుని పిలుద్దామని లోపలికి వచ్చేసరికి అతను ఇంకా కంప్యూటర్ దగ్గరే ఉన్నాడు. భాస్కర్ ఎన్నో సాయంత్రాలు కూర్చుని కుదిర్చిన లేత రంగులన్నీ తీసేసి ముదురు ఎరుపు పెట్టాడు. అక్షరాలు రెండింతలు చేశాడు. తెర వెనక ఉన్న వరిచేను పోయి, పెన్‌డ్రైవ్‌లోంచి తీసిన అతని కొత్త మోటార్‌సైకిల్ వచ్చి నిలబడింది.

లావణ్య గుమ్మంలోంచి చూసి మొగుడి చెవిలో గుసగుసలాడింది. “ఏవండీ, మీ సిస్టం అంతా పాడుచేస్తున్నాడు, చూడండి.”

“లేదు,” అన్నాడు భాస్కర్, తల కాస్త ఎత్తి. “సొంతం చేసుకుంటున్నాడు.”