బస్సు బహుశా రావచ్చు

ఆ రోజు పొద్దున్న మైకు బాబాయి పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. దేవుడి ముందు దీపం వెలిగించడం, కంటి ఆపరేషన్‌కు వెళ్తున్న భార్యను పది గంటల బస్సు ఎక్కించడం, ఆ తర్వాత బస్టాండులోని తన గాజు గదిలో కూర్చుని బస్సుల రాకపోకలను మొదటిసారిగా ఇంగ్లీషులో కూడా ప్రకటించడం. అంతే. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. డ్రైవర్లకూ కండక్టర్లకూ ఆయన మైకు బాబాయి.

ఇంగ్లీషు కోసం ఆయన కొన్నాళ్లుగా సాయంత్రం క్లాసుకు వెళ్తున్నాడు. ముందురోజు మేడమ్ ఒక పాఠం చెప్పింది. జరగొచ్చో జరగదో తెలియని సంగతిని ఎలా చెప్పాలన్నది ఆ పాఠం. 'మైట్' పక్కన 'పాసిబ్లీ' పెడితే ఆశ సన్నగా ఉన్నట్టు. 'విల్' పక్కన 'ప్రాబబ్లీ' పెడితే కాస్త ధైర్యం. 'డెఫినెట్లీ' పెడితే ఇక తిరుగులేదు.

బాబాయికి ఆ పాఠం ప్రసాదంలా దొరికింది. ఇన్నేళ్లూ ఆయన బస్సు వస్తుందని చెప్పడం, అది రాకపోవడం, ఆ అబద్ధం తన పాపాల లెక్కలో పడుతోందేమోనని లోలోపల కుమిలిపోవడం మామూలైపోయింది. రేపటి సంగతి దేవుడికి తెలుసు. మరి 'డెఫినెట్లీ' అనే మాట మనిషి నోట్లోకి ఎలా వచ్చినట్టు?

"ఏమండీ," అంది భార్య సంచి సర్దుకుంటూ. "ఆపరేషన్‌కి అక్క తోడుంటుంది, దాని గురించి బెంగ లేదు. రేపు పొద్దున కట్టు విప్పుతారు. అప్పుడు మీరు ఎదురుగా ఉంటారు కదా? మొట్టమొదట మిమ్మల్నే చూడాలని ఉంది."

ఆయన గుండె కరిగింది. డ్యూటీ దిగి సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తానని చెప్పబోయాడు. కానీ బస్సుల సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"ఉండొచ్చు," అన్నాడు ఎంతో నిజాయితీగా. "బహుశా."

"బహుశానా?"

"అంతా ఆయన దయ కదా."

"ఆయన దయ సంగతి నేను చూసుకుంటాలెండి. మీ సంగతే అడిగాను." ఆమె సంచి జిప్పు సర్రున లాగింది.

బస్టాండులో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, బాబాయి కోటు విప్పి గదిలో కొక్కేనికి తగిలించి, గొంతు సవరించుకున్నాడు. "ద టెన్ ఓ క్లాక్ బస్ మైట్ పాసిబ్లీ కమ్ టు ప్లాట్‌ఫాం టూ." ఇంగ్లీషులో ఒక మాట, మన భాషలో ఒక మాట చెబితే రెండు నాల్కల వ్యవహారమవుతుందనిపించింది. అందుకని అదే మాట తిప్పి చెప్పాడు. "పది గంటల బస్సు రెండో ప్లాట్‌ఫాం మీదికి బహుశా రావచ్చు."

నిజానికి ఆ బస్సు శుభ్రంగా కడిగించుకుని వెనక షెడ్డులో సిద్ధంగా ఉంది. దాని డ్రైవరు క్యాంటీన్‌లో టీ తాగుతున్నాడు. గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"విన్నావా?" అన్నాడు కండక్టరుతో. "మన బండి బహుశానట! పైవాళ్లు రద్దు చేసే ఆలోచనలో ఉన్నట్టున్నారు. పిలిస్తే అప్పుడు చూద్దాం." అని విశ్రాంతి గదిలోకి వెళ్లి ముసుగు తన్నాడు.

డ్రైవరు ముసుగు తన్నాడన్న కబురు ప్లాట్‌ఫాం చేరేసరికి సమ్మె అయింది. డబ్బు వెనక్కి ఇవ్వమని కొందరు టికెట్ల కిటికీ మీద పడ్డారు. ట్యాక్సీల వాళ్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో గాని రేట్లు పెంచేశారు. గోల విన్న మేనేజరు షెడ్డుకు ఫోన్ చేసి, "పది గంటల బండికి ఏమైందయ్యా?" అని అరిచాడు.

ఏమీ కాలేదు. కానీ ఏమీ కాకపోతే మేనేజరు అంతవాడు ఎందుకడుగుతాడు? మెకానిక్ భయభక్తులున్న మనిషి. చూద్దామని ముందు చక్రం ఊడదీశాడు.

మేనేజరు గాజు గదిలోకి దూసుకొచ్చాడు. "బాబాయ్, కొంప ముంచావు! బస్సు తప్పకుండా వస్తుందని చెప్పు!"

"చక్రం విప్పారటండీ, ఇప్పుడే ఫోనొచ్చింది," అన్నాడు బాబాయి. "తొందరపడి డెఫినెట్లీ అనలేదు, నయం."

మేనేజరు తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

అప్పుడు వచ్చింది భార్య, గోడ తడుముకుంటూ. మధ్యాహ్నానికి ఆసుపత్రికి చేరకపోతే ఆపరేషన్ తప్పిపోతుంది. అద్దానికి ముఖం ఆనించి ఏదో అంది. మందపాటి అద్దం, మాటలు లోపలికి రాలేదు. ఆమె కళ్లు నీళ్లతో మెరుస్తున్నాయి. చేయి ఊపుతూ గట్టిగా దబాయిస్తోంది. బాబాయినైతే కాదు. కొక్కేనికి వేలాడుతున్న ఆయన కోటును.

ఆమె మసక అంటుంటే మసకేలే అనుకున్నాడు బాబాయి. మొగుడికీ కోటుకీ తేడా తెలియనంత మసక అని ఎన్నడూ అనుకోలేదు. రేపటి సంగతి దేవుడిదే, కాదనలేదు. కానీ ఈమె అడిగింది దేవుణ్ణి కాదే?

అద్దం అవతలికి గొంతు చేరాలంటే ఉన్నది మైకొక్కటే. ఆయన మీట నొక్కాడు.

"ఇదిగో, నేను ఇటు పక్కన ఉన్నా. అది కోటు. నేను తప్పకుండా వస్తాను. తప్పకుండా ఉంటాను. ఐ విల్ డెఫినెట్లీ బీ దేర్!"

బస్టాండులో ఎవరికి కావలసిన ముక్క వాళ్లు ఏరుకున్నారు. డ్రైవరు ముసుగు తీసి, "తప్పకుండా అంటున్నాడ్రోయ్!" అని చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. మెకానిక్ ఆ గొంతులోని ఖచ్చితత్వానికి బెదిరి చక్రం బిగించేశాడు. ట్యాక్సీల్లో సగం కూర్చున్నవాళ్లు దిగి వచ్చారు. కాసేపటికి బస్సు ఠీవిగా వచ్చి రెండో ప్లాట్‌ఫాం మీద ఆగింది.

"నువ్వూ ఎక్కు బాబాయ్," అన్నాడు మేనేజరు, కోటు తీసి స్వయంగా తొడుగుతూ. "సెలవిస్తున్నా."

"ఎన్నాళ్లండీ?"

"ఇంగ్లీషు మర్చిపోయేదాకా."

బస్సులో భార్య ఆయన భుజం తడిమి చూసింది. "ఈసారి లోపల మనిషి ఉన్నాడే," అని అక్కడే తల ఆనించింది.

మర్నాడు పొద్దున డాక్టరు కట్టు విప్పాడు. బాబాయి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె రెప్పలు అల్లార్చి, ఆయన ముఖాన్ని చాలాసేపు తృప్తిగా చూసుకుంది.

"ఇంత ముసలాడైపోయారేమిటండీ?"

"అయ్యుండొచ్చు," అన్నాడు ఆయన. "బహుశా."