ఊరంతా చరరాశి

గురువారం పొద్దున మహిత వేసుకున్న ప్లానులో మూడే పనులున్నాయి. పటేల్‌గూడలో షేర్ ఆటో పట్టుకోవాలి, దారిలో ముప్పై రెండు జిరాక్సులు తీయించాలి, ఈదులకుంట హైస్కూల్లో ఎనిమిదో తరగతికి బీజగణితం మొదటి పాఠం చెప్పాలి. మర్నాడు పది గంటలకు మండల విద్యాధికారి వచ్చి ఆ తరగతిలో కూర్చుంటాడు. బాగుందంటే ఆమె తాత్కాలిక పోస్టు ఇంకో ఏడాది ఉంటుంది. లేదంటే పాత చోటికే, పటాన్‌చెరు మాత్రల కంపెనీలో ప్యాకింగ్ బల్ల దగ్గరికి, నీలం టోపీ పెట్టుకుని పోవాలి. ఆ టోపీని మహిత ఇంకా పారేయలేదు. ఉతికి మడిచి బీరువాలో పెట్టింది.

మహిత ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందుకని తనకు తగ్గ పద్ధతి ఒకటి చూసుకుంది. పాఠమంతా కాగితం మీద రాసి, అసలు మాటలు రావలసిన చోట గీత గీసి వదిలేస్తుంది. ఆమె బోర్డు మీద ఒక్కో అడుగూ నడిపిస్తుంటే పిల్లలు ఆ ఖాళీలు నింపుకుంటూ వస్తారు. చివరికి చూస్తే పాఠం వాళ్ళ చేతిరాతలోనే తయారై ఉంటుంది. పిల్లలు దాన్ని "మేడం నోట్స్" అంటారు. ప్రధానోపాధ్యాయురాలు సునందకు కూడా ఈ పద్ధతి నచ్చింది. తరగతిలో చప్పుడు ఉండదు కదా.

ఆ రోజు కాగితం మీద ఇలా ఉంది: "విలువ మారేది ____ రాశి. దాన్ని x అంటాం. విలువ మారనిది ____ రాశి." పిల్లలు మొదటి గీత మీద "చర" అనీ, రెండో గీత మీద "స్థిర" అనీ రాసుకున్నారు. వెనక పేజీలో శుక్రవారం చెప్పబోయే సంభావ్యత లెక్క ఉంది: "సంచిలో 3 ఎర్ర గోలీలు, 7 తెల్ల గోలీలు ఉన్నాయి. చూడకుండా ఒకటి తీస్తే ఎర్రది వచ్చే సంభావ్యత ____." అన్నిటికన్నా కింద ఇంటిపని: "మీ ఇంట్లో రోజూ మారే సంఖ్య ఎక్కడుందో వెతికి x అని రాయండి. ఏదీ మారకపోతే 'స్థి' అని రాయండి."

"ఎక్కడ రాయాలె మేడం?" అని ముందు బెంచీలోంచి తనుశ్రీ అడిగింది.

"ఎక్కడుంటే అక్కడనే," అంది మహిత. ఆమె మనసులో ఉన్నది నోటుబుక్కు. ఆ మాట పైకి అనలేదు.

సాయంత్రం తనుశ్రీ తన ఇంటిని శ్రద్ధగా పరిశీలించింది. వెనక మూడు గదులు కిరాయికిచ్చారు. వాటిలో ఉండే బీహార్ కంపెనీ కూలీలు షిఫ్టు షిఫ్టుకూ మారతారు. పొద్దున ఉన్నంతమంది సాయంత్రం ఉండరు, సాయంత్రం ఉన్నవాళ్ళు పొద్దుటికి బస్సెక్కి పోతారు. అంటే మారే సంఖ్య ఇల్లే. సుద్దముక్క కోసం వెతికితే దొరకలేదు. నాయనమ్మ బీరమ్మ శుక్రవారం గడపకు అలకడానికి కలిపి పెట్టుకున్న ఎర్రమట్టి జాజు బకెట్టు మాత్రం అరుగు మీద నిండుగా, ఎర్రగా ఉంది. తలుపు పక్కన తన ఎత్తున x వేసి, వెనక్కి జరిగి చూసుకుని తృప్తి పడింది. తరగతిలో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల గోడ మీద రాస్తే మిగతావాళ్ళు పుస్తకంలో ఎందుకు రాస్తారు? తలా ఒక గిన్నె తెచ్చుకుని జాజు పట్టుకుపోయారు. ఈదులకుంటలో కిరాయి గదులు లేని ఇల్లు దాదాపు లేదు.

ఉన్నది ఒక్కటే, మొగులయ్యది. ఊళ్ళో ఎక్కువ పొలం ఉన్న ఆ పెద్దమనిషి మనవరాలు కూడా అదే తరగతి. గిన్నె పట్టుకుని ఆ పిల్ల తమ ఇంటి ముందు చాలాసేపు నిలబడింది. తాత అదే కుర్చీలో, అదే బనీనులో, అవే వార్తలు చూస్తూ అవే తిట్లు తిడుతున్నాడు. ఎంత ఆలోచించినా ఏదీ మారేటట్టు కనబడలేదు. నిజాయితీగా "స్థి" అని రాసింది.

శుక్రవారం తెల్లవారుతూనే టీ హోటలు షట్టరెత్తిన పాండు ఎదురుగోడ చూశాడు, దాని పక్కగోడ చూశాడు, తర్వాత తన గోడ చూసుకున్నాడు. రెండేళ్ళ కింద హైవే పక్కన ఒక ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు గోడల మీద ఎర్రగుర్తులు పడ్డాయి. తర్వాత గోడలు పడ్డాయి. పాండు పొయ్యి వెలిగించకుండానే బయల్దేరాడు.

"బీరవ్వా, నీ ఇంటికి గుర్తు వడ్డది."

"ఏం గుర్తు?"

"ఎర్రది. ఇంటు గుర్తు. ఇగ పోయినట్టే."

బీరమ్మ గోడను చూసింది, అరుగు మీద బకెట్టును చూసింది. "నా జాజు అడుక్కు వొయింది గదరా. నా జాజుతోని నా ఇంటికే గుర్తు వెట్టిన్రు. సర్కారోళ్ళు గింత రంగు గూడ తెచ్చుకోలే."

లోపల్నించి తనుశ్రీ నిద్రమొహంతో వచ్చింది. "సర్కారోళ్ళు గాదు నాయనమ్మా. మేడం నోట్స్ ఇచ్చింది, అందుకే ఏసినం."

"నోటీసా?"

"ఆఁ, నోట్స్. అందరికిచ్చింది."

"ఇన్నవా పాండూ. పెద్దోళ్ళకిస్తె తీసుకోరని పిల్లగాండ్ల చేతికిచ్చి పంపిన్రు."

పావుగంటలో ఆ కాగితం హోటలు బల్ల మీదికి చేరింది. చుట్టూ జనం మూగారు. పాండు గొంతు సవరించుకుని చదివాడు. "విలువ మారేది చర రాశి."

"చరరాశి నాకెర్కే," అంది బీరమ్మ. "మా చిన్నోనిది కర్కాటకం. అయ్యగారు జెప్పిండు, చరరాశి అంటె ఒక్కతాన ఉండదు, కదులుతదని."

"మనిషంటె కదులుతడు. ఇల్లెట్ల కదులుతది?"

"జేసీబీ వస్తె కదులుతది."

పాండు తర్వాతి వరుస చదివాడు. "విలువ మారనిది స్థిర రాశి." అందరి తలలూ ఒక్కసారే మొగులయ్య గోడ వైపు తిరిగాయి. అరుగు మీద వేపపుల్ల నములుతున్న మొగులయ్య ఆ చూపులకు పుల్ల తీసేశాడు.

"ఓ పటేలా," అంది బీరమ్మ. "ఊరంత చరరాశిల వడ్డది. నువ్వొక్కనివే స్థిరరాశిల ఎట్ల వడ్డవ్?"

"నాకేం తెల్సు? నేను టీవీ చూసుకుంట కూసున్న."

"కూసున్న కాడికెంచే పని చేపిచ్చుకున్నవన్నట్టు."

మొగులయ్య అరవై ఏళ్ళలో మొదటిసారి తన ఇల్లు నిలబడబోతున్నందుకు సిగ్గుపడ్డాడు. "ఏ, నాకు గూడ ఇంటు గుర్తే పెట్టున్రి. నేనేమన్న వద్దన్ననా?" అని లోపలికి పోయి బనీను మీద చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఏదీ మారదన్న ఆ ఇంట్లో అది పెద్ద మార్పే గానీ ఎవరూ పట్టించుకోలేదు. జనం అప్పటికే కాగితం వెనకవైపుకు వెళ్ళిపోయారు.

"మూడు ఎర్రయి, ఏడు తెల్లయి," చదివాడు పాండు. "అంటె పదిండ్లల్ల మూడు పోతయి. సంచిల చెయ్యి వెట్టి తీస్తరంట."

"ఎవలు తీస్తరు?"

"అది రాయలే. గీత గీసి ఇడిసిపెట్టిన్రు. మనమే నింపాలేమో."

ప్రభుత్వ కాగితం మీద ఖాళీ కనబడితే నింపకుండా ఉండడం ఈదులకుంటకు అలవాటు లేదు. ఇంటింటి నుంచీ కాగితాలు వచ్చాయి, పెన్నులు వచ్చాయి. బీరమ్మ తన కాగితం మీద జాజులో ముంచిన వేలిముద్ర వేసింది.

తొమ్మిదిన్నరకు మహిత ఆటో దిగేసరికి బడి గేటు దగ్గర అరవై మంది ఉన్నారు. విద్యాధికారి కోసం తల్లిదండ్రులను పిలిపించారేమో అనుకుంది. ఆమె చేతిలో గుడ్డసంచి ఉంది. అందులో పది గోలీలు గలగలమన్నాయి.

"సంచి తెచ్చింది," అన్నారెవరో. జనం రెండడుగులు వెనక్కి జరిగారు.

సునంద పరుగున ఎదురొచ్చింది. "మహితా, ఏం రాసినవమ్మా కాగితంల? ఊరోళ్ళు ఇండ్ల నోటీసంటున్నరు."

"బీజగణితం మేడం."

"జెర నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్ముతలేరు. నేను సోషల్ అని వాళ్ళకెర్కే."

మహిత జనం వైపు తిరిగింది. ఇంతమంది ముందు మాట్లాడడం ఆమెకు ఇదే మొదటిసారి. "x అంటే ఏం లేదు, మనకు తెల్వని సంఖ్య," అంది.

"మాకు తెల్వకుంట జేస్తున్నరనే గదా మేమనేది," అన్నాడు పాండు.

ఇలా అయితే తేలదని మహితకు అర్థమైంది. మాటలతో కానిది ఆమె ఎప్పుడూ కాగితంతోనే చేస్తుంది. అందరినీ ఎనిమిదో తరగతి గదిలోకి పిలిచి, పిల్లల పక్కన ఇరికించి కూర్చోబెట్టింది. చోటు చాలని వాళ్ళు కిటికీల దగ్గర నిలబడ్డారు. సుద్దముక్క అందుకుని బీరమ్మతో మొదలుపెట్టింది.

"అవ్వా, ఇప్పుడు మీ ఇంట్ల ఎంతమంది ఉన్నరు?"

"పొద్దున ఎనమండుగురు. నైట్ షిఫ్టోళ్ళు వచ్చిన్రంటె పదముగ్గురు."

"రేపు?"

"రేపటి సంగతి ఇయ్యాల ఎట్ల చెప్తం బిడ్డా?"

"అదే x."

బీరమ్మ బోర్డును చూసింది, మనవరాలిని చూసింది. "గంతేనా?" అంది. "గీ ముచ్చటకు నా జాజంత ఖరాబు జేసిన్రా?"

సగం గది నవ్వింది. ఇంకో పది నిమిషాలుంటే అంతా సర్దుకునేదే. కానీ పాండు లేచి నిలబడ్డాడు. "మరి సంచి సంగతేంది?" అని ముందుకొచ్చి, ఎవరూ ఆపేలోపల చెయ్యి పెట్టి ఒక గోలీ తీశాడు. ఎర్రది. మొహం పాలిపోయింది.

"అది లెక్క కోసమే అన్నా. మళ్ళ ఏసి తియ్యి," అంది మహిత.

మళ్ళీ వేసి తీశాడు. ఎర్రది. మూడోసారీ ఎర్రదే. పాండు కింద కూర్చున్నాడు. "నా హోటలు పోయింది."

అతణ్ణి ఓదార్చాలని మహితకు అనిపించింది. తనకు తెలిసిన పద్ధతిలోనే ఓదార్చింది. "వరుసగ మూడుసార్లు ఎర్రదే వచ్చుడు చానా తక్కువన్నా. వెయ్యిల ఇరవై ఏడే."

"ఆ ఇరవై ఏడుగురిల నేనొక్కన్నా?" అన్నాడు పాండు.

"ఇంకెవలెవలున్నరు?" అని కిటికీ దగ్గర ఇంకొకరు అడిగారు. గది మళ్ళీ లేచింది. సరిగ్గా అప్పుడే మండల విద్యాధికారి గుమ్మంలో అడుగుపెట్టాడు.

చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. ఇళ్ళు తీసుకునే ఆఫీసరు ఇతనేనని ఊరికి వేరే చెప్పనక్కర్లేకపోయింది. నింపిన కాగితాలన్నీ ఆయన చేతుల్లోకి వచ్చిపడ్డాయి. విద్యాధికారి కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివాడు. "విలువ మారేది: పాండు మాట." "విలువ మారనిది: మా అత్త కట్టిన ఇల్లు." "ఎర్రది వచ్చే సంభావ్యత: వచ్చినా మేము ఇయ్యము." ఒకదాని మీద ఎర్రటి వేలిముద్ర తప్ప ఏమీ లేదు. ఆయన తలెత్తి మహిత వైపు చూశాడు. మహితకు ఆయన కనబడలేదు. బీరువాలో మడిచిపెట్టిన నీలం టోపీ కనబడింది.

"అమ్మా, ఈ క్లాసులో పిల్లలెవరు?" అని ఆయన అడగబోయాడు. ఆ మాట పూర్తి కాకముందే వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. కిటికీ దగ్గరున్నవాళ్ళు తొంగిచూసి, "వచ్చిన్రు. ఈసారి నిజంగనే రంగు డబ్బ తెచ్చిన్రు," అన్నారు. గది ఖాళీ అయింది. మహిత కూడా వెళ్ళింది, విద్యాధికారి చేతిలో కాగితాలతో ఆమె వెనకే వెళ్ళాడు.

జీపులోంచి రోడ్డు సర్వే వాళ్ళు ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో ఎర్రరంగు డబ్బా, కుంచె. ఇద్దరూ బీరమ్మ గోడ ముందు ఆగిపోయారు. తర్వాత పక్క ఇంటికి నడిచారు, ఆ పక్క ఇంటికి నడిచారు. తిరిగి వచ్చారు.

"మార్కింగ్ ఆల్రెడీ అయిపోయింది సార్," అన్నాడు డబ్బా పట్టుకున్నవాడు.

"ఎవరు చేశారు? చేయాల్సింది మనం కదా. మనది బాణం గుర్తు, ఇది కాదు." పెద్ద సర్వేయరు గోడను వేలితో గీకి చూశాడు. "పైపులైను వాళ్ళదో, కరెంటు వాళ్ళదో అయ్యుంటుంది. వాళ్ళ గుర్తు మీద మన గుర్తు వేశామంటే రెండు ఆఫీసుల మధ్య ఉత్తరాలే ఏడాది నడుస్తాయి." జనం వైపు తిరిగాడు. "ఇదేంటమ్మా?"

అందరికన్నా ముందున్న బీరమ్మ కొంగు సర్దుకుంది. పది నిమిషాల క్రితం బోర్డు మీద చూసింది ఆమెకు ఇంకా తాజాగానే ఉంది.

"అది చరరాశి సారూ."

"అంటే?"

"మారుతుంటది. దాని విలువ ఇప్పుడే చెప్పరాదు."

సర్వేయరు ఆ మాట డైరీలో రాసుకున్నాడు. తర్వాత మొగులయ్య ఇంటి ముందుకు పోయాడు. "ఇక్కడ 'స్థి' అని ఉందేంటి?"

"స్టే అయ్యుంటుంది సార్," అన్నాడు డబ్బా మనిషి. "కోర్టు నుంచి. తెలుగులో రాశారు."

మొగులయ్య ఔననలేదు, కాదనలేదు. అలవాటైన మొహంతో కదలకుండా నిలబడ్డాడు. అది ఎనిమిదో తరగతి ఇంటిపని అని చెప్పడానికి మహిత నోరు తెరిచింది. ఆమె మాట ఎప్పుడూ ఒక నిమిషం ఆలస్యంగా బయటికొస్తుంది. ఆ నిమిషంలో జీపు తిరిగి రోడ్డెక్కింది.

వీధిలో ముందుగా తేరుకున్నది పాండు. విద్యాధికారికి హోటల్లో కుర్చీ వేసి టీ పెట్టాడు. పొద్దున మహిత మీదికి వచ్చిన అరవై మందే ఇప్పుడు ఆయన చుట్టూ చేరారు. "ఈ మేడంను తీసేసిన్రంటె మా పిల్లలు బడికి రారు," అంది బీరమ్మ. "మేము గూడ రాము." విద్యాధికారి టీ తాగినంతసేపూ ఆలోచించి రిపోర్టు రాశాడు: "బీజగణితం పట్ల గ్రామస్థుల ఆసక్తి అసాధారణంగా ఉన్నది."

నెల తర్వాత పైపులైను ఆఫీసుకూ కరెంటు ఆఫీసుకూ ఇంకో నాలుగు ఆఫీసులకూ రోడ్డు వాళ్ళ నుంచి ఒక ఉత్తరం వెళ్ళింది. "ఈదులకుంట గోడల మీది x ఎవరిదో కనుగొనగలరు" అని దాని సారాంశం. ఇంతవరకూ ఎవరూ కనుగొనలేదు. బీరమ్మ ప్రతి శుక్రవారం గడపతో పాటు x కు కూడా జాజు అలుకుతోంది. మొగులయ్య మనవరాలి చేత "స్థి" మీద ఆయిల్ పెయింటు వేయించుకున్నాడు.

మహిత ఆర్డరు కూడా వచ్చింది. సునంద దాన్ని తరగతిలోనే పైకి చదివింది: పోస్టు వచ్చే ఏప్రిల్ వరకు పొడిగించడమైనది, ఆ తర్వాతి సంగతి తర్వాత తెలుపబడును. పిల్లలు చప్పట్లు కొట్టారు. తనుశ్రీ మాత్రం కొంచెం ఆలోచించి, లేచి వచ్చి, సుద్దముక్కతో మేడం కుర్చీ వీపు మీద చిన్న x రాసింది.

సమాధానం సరైనదే కాబట్టి మహిత దాని పక్కన టిక్కు పెట్టింది.