పద్దెనిమిది వందల ఇళ్లకు ఒక్క మా ఆయన

మా ఆయనకు నిన్న తిన్న కూర ఈరోజు గుర్తుండదు. అలాంటి మనిషిని పద్దెనిమిది వందల ఇళ్లకు ప్రతినిధిని చేసిందంటే, ఈ ఇంటిఖర్చుల సర్వే ఎంత గొప్పదో మీరే చెప్పండి!

అసలు సర్కారువాళ్లు సర్వేకి ఇళ్లు ఏరిన లాటరీలో వచ్చింది పైవాటా వాళ్ల ఇల్లు. వాళ్లు తాళం వేసుకుని ఊరెళ్లారు. బదులు జాబితాలో తర్వాతి ఇల్లు మాది. "మీరు చెప్పేది ఇలాంటి పద్దెనిమిది వందల ఇళ్ల తరఫున చెప్పినట్టు సార్" అంది సర్వే అమ్మాయి. అంతే! ఆయన లోపలికెళ్లి చొక్కా మార్చుకొచ్చారు.

ఈ శాంపిల్ పద్ధతిని దండగ అనేవాళ్లను చూస్తే నాకు జాలి. గడపగడపా ఎక్కి అడిగితే ఎన్ని కుర్చీలు వేయాలి, ఎన్ని టీలు కలపాలి? ఇప్పుడు ఒక్క టీతో సరి. మా అబ్బాయి టూత్‌బ్రష్ మారిస్తే పద్దెనిమిది వందల బ్రష్షులు మారినట్టే. మా అత్తగారు తుమ్మితే ఒక పేటంతా జలుబు మాత్రలు కొన్నట్టే! ఇంత పలుకుబడి మాకు ఇంకెవరిస్తారు?

కూరగాయలు ఏడు రోజులవి చెప్పాలి, నూనె నెలది, గిన్నెలు ఏడాదివి. మా ఆయన తడుముకుంటే ఒట్టు. నేను వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఫారంలో మాత్రం 'ఇంటి పెద్ద' అని ఉందట.

"నూనె?"

"అర లీటరు."

"సబ్బులు?"

"ఒకటి చాలు."

"గ్యాస్?"

"అదేం కొంటామమ్మా, ఉంటూనే ఉంటుంది."

ఇంటిఖర్చుకిచ్చే డబ్బు పెంచమని రెండేళ్లుగా అడుగుతున్నాను. "సరిపోతోందిగా" అంటారు. ఇక దానికి సర్కారు ముద్ర కూడా పడితే నేను జన్మలో నోరెత్తగలనా? నాతోపాటు పద్దెనిమిది వందల మంది ఆడవాళ్ల నోళ్లూ మూతపడతాయి. ఇళ్లన్నీ ఎంత ప్రశాంతంగా ఉంటాయో!

మూడోనాడు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది.

"సార్, ఆఫీసులో వెనక్కి కొట్టారు. మీ లెక్క ప్రకారం నలుగురూ వారానికి మూడు రోజులే భోంచేస్తున్నారు. స్నానం ఒక్కరే చేస్తున్నారు."

"ఎవర్రా ఆ ఒక్కరు?" అన్నారు మా అత్తగారు.

"ఏదో సుమారుగా చెప్పానమ్మా, దిద్దేయ్" అన్నారు ఈయన.

"దిద్దాలంటే కారణం రాయాలి సార్. లేదంటే ఇదే ఖాయం చేసి పంపేస్తాను."

"ఈవిడ నాకెప్పుడూ చెప్పలేదని రాయి."

"రెండేళ్లుగా చెబుతోందని కూడా రాయి, అమ్మాయీ" అన్నాను గుమ్మంలోంచి.

"ఒరే, తొందరగా తేల్చరా. ఆ పిల్ల ఇంకా నాలుగిళ్లు తిరగాలి!" అన్నారు అత్తగారు.

ఆయన ఫ్యాను వంక చూశారు. తల్లి వంక చూశారు. నా వంక మాత్రం చూడలేదు. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పారు:

"రాసుకో అమ్మా. నేను చెప్పింది తప్పు. ఈ ఇంట్లో ఏది ఎంతవుతుందో నాకు తెలీదు. సరిపోతోందని ఇన్నాళ్లూ ఊరికే అన్నాను. ఆవిణ్ణి అడగాల్సింది."