చల్లగా ఉంచవలసిన సామాను

ఆ పొద్దున కుర్మయ్య అనుకున్నది చాలా చిన్న పని. విమానాశ్రయం కార్గోలో ఒక పార్సిల్ తీసుకోవడం, దాన్ని గగన్‌పహాడ్‌లోని పరిశోధనశాలలో మాధవీలత మేడం చేతికివ్వడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరి అన్నం తినడం. పోయేది ఎట్లాగూ ఆ దారినే కాబట్టి, మోకాళ్ల నొప్పులతో మూలుగుతున్న తల్లి చంద్రమ్మను శంషాబాద్ దవాఖాన దగ్గర దించాడు. కంపెనీ వ్యానులో సొంతవాళ్లను ఎక్కించకూడదని నియమం. అందుకని పాల్మాకులలో కోడి కూయకముందే ఎక్కించాడు. ఒక్క మనిషి చూడలేదు.

పార్సిల్‌లో ఏముంటుందని ముందురోజు అడిగితే మాధవీలత ఓపికగానే చెప్పింది. "మనిషి ప్రోటీనండీ. అంటే మనిషి నుంచి తీసింది కాదు, పురుగు కణాల్లో తయారుచేశారు. మన ఒంట్లో ఇది మిగతా ప్రోటీన్లకు చక్కెర తగిలిస్తుంది. చాలా ఖరీదు. చల్లగా ఉంచాలి, వెలుతురు తగలకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు."

పురుగూ చక్కెరా కుర్మయ్యకు ఎక్కలేదు. చల్లగా అన్న మాట మాత్రం బాగా ఎక్కింది. అతని ముందున్న డ్రైవర్ ఇట్లాంటి పెట్టెనే ఎండలో పెట్టి చాయ్ తాగాడు. ఆ చాయ్ తర్వాత కంపెనీ గేటు మళ్లీ చూడలేదు. కుర్మయ్య ఇంకా టెంపరరీ. ఈ నెల ఏ తప్పూ లేకుండా గడిస్తే పర్మినెంట్ చేస్తామని మేనేజర్ అన్నాడు.

పార్సిల్ చేతికొచ్చేసరికి శంషాబాద్ దగ్గర రాస్తారోకో మొదలైంది. ఉద్యమం రోజులు. రోడ్డు మీదే పొయ్యి వెలిగించి వంట పెట్టారంటే సాయంత్రం దాకా లేవరని లెక్క. ఫోన్ చేస్తే మేడం, "ఎక్కడైనా ఫ్రిజ్‌లో పెట్టండి కుర్మయ్యగారూ, రోడ్డు తెరిచాక మీ ఇంటికి నేనే వస్తాను" అంది. అంతటితో ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

పొలాల దారిన ఇల్లు చేరాడు. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, కరెంటు లేదు. ఎండాకాలం కోత, సాయంత్రం దాకా రాదు. పార్సిల్ లోపలి ఐసు కరిగి అడుగు అట్ట తడిసింది. అట్టతోపాటు కుర్మయ్య చొక్కా కూడా తడిసింది.

కరెంటు లేకున్నా చల్లగా ఉండే చోటు ఊళ్లో ఒక్కటే. జాన్ పాల్ దగ్గర ఫ్రీజర్ పెట్టె ఉంది, జనరేటర్‌తో సహా కిరాయికిస్తాడు. కాకపోతే అందులో ఇంతవరకు శవాలు తప్ప ఇంకొకటి పడుకోలేదు.

ఆ పనిలో ఉన్నవాడు గనక ఎవరు పోయారని జాన్ పాల్ ఎన్నడూ అడగడు.

"ఎప్పటిదాక ఉంచాలె తమ్మీ?"

"మేడం వచ్చేదాక అన్నా."

"దూరంకెల్లి రావాల్నా?"

"రోడ్డు బంద్ ఉంది గద."

జాన్ పాల్ అతని భుజం ఒక్కసారి నొక్కి, మారుమాట లేకుండా పెట్టెను ట్రాలీలోకి ఎక్కించాడు. వాకిట్లో దించి జనరేటర్ వేసి, ఇంకో ఇంట్లో పని ఉందని వెళ్లిపోయాడు. కుర్మయ్య పార్సిల్ లోపల పెట్టి, వెలుతురు తగలకుండా అద్దం మూత మీద తెల్లటి దుప్పటి కప్పాడు.

జనరేటర్ చప్పుడుకు పక్కింటి దుర్గవ్వ గోడమీంచి తొంగిచూసి నెత్తి కొట్టుకుంది.

"ఓ చంద్రమ్మా! నిన్న మాపటికి నాతోని ఆకు ఏసుకుంటివి గదనే!"

"అవ్వా, గట్ల ఏడ్వకు. అమ్మకేం గాలే. దవాఖానల ఉంది."

"దవాఖానకెల్లే తెచ్చినవా బిడ్డా?"

"ఇది అమ్మ గాదవ్వా! కంపెనీ సామాను!"

దుర్గవ్వ ఏడుపు ఆపి అతన్ని జాలిగా చూసింది. "పిల్లగానికి మతి తప్పింది. తల్లిని పట్టుకొని సామాను అంటున్నడు."

కాసేపటికి వాకిలి నిండింది. ఎవరో షామియానా కట్టించారు. ఇంకెవరో డప్పులవాళ్లకు కబురుపెట్టారు. ఆడవాళ్లంతా పెట్టె చుట్టూ కూర్చుని, ఒక్కసారి ముఖం చూపియ్యమన్నారు.

"తెరిస్తే ఖరాబైతది!" అని అరిచాడు కుర్మయ్య. ఆ మాటతో ముందు వరసలోవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని జర వెనక్కి జరిగారు.

"మీకు దండం పెడుత, జర సమజ్ చేసుకోండ్రి. లోపల ఉన్నది మనిషిదే, గానీ మనిషి గాదు!"

భజనలు చెప్పే రామచంద్రయ్య కళ్లు మూసుకుని తలాడించాడు. "సత్యం బిడ్డా. పానం పోయినంక గంతే."

దుప్పటి తీసి అందరికీ చూపెడితే ఒక్క నిమిషంలో తెగిపోయే గొడవ. కుర్మయ్య చేయి దుప్పటి దాకా పోయింది. అక్కడ పాత డ్రైవర్ తాగిన చాయ్ గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. పెట్టె మీద రెండు చేతులూ ఆనించి కాపలా నిలబడ్డాడు. తల్లిని వదల్లేకపోతున్నాడని ఆడవాళ్లు ఇంకో విడత ఏడ్చారు.

అప్పుడు వచ్చాడు దశరథం, చంద్రమ్మకు సొంత అన్న. విమానాశ్రయం వచ్చి భూముల రేట్లు పెరిగిన నాటినుంచి, పొలం హద్దు తగవుతో అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. అయినా తల్లిగారింటి ఆఖరి చీర పెట్టక తప్పదు గనక, కొత్త చీర చంకలో పెట్టుకుని వచ్చాడు. "మామా, ఆగు!" అని కుర్మయ్య అంటూనే ఉన్నాడు, దశరథం పెట్టె మీద పడ్డాడు.

"చెల్లే! గెట్టు రాయి జరిపింది నేనేనే! మూడు గజాలు జరిపిన! నా మీద కోపం పెట్టుకొని పోకే!"

డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, జనం వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"మూడు గాదన్నా. ఐదు."

మందుల కవరు చేతిలో పట్టుకుని చంద్రమ్మ నిలబడి ఉంది. బండ్లు లేక నడిచి నడిచి ఊళ్లోకి వచ్చి, తన ఇంటిముందు డప్పులు విని కొడుక్కేమయిందోనని మోకాళ్లు మరిచి ఉరికింది. కొడుకు నిక్షేపంగా కనబడ్డాక, రొప్పు తీర్చుకుంటూ అన్న చెప్పింది పూర్తిగా విన్నది.

డప్పులవాళ్లలో ఇద్దరు గోడ దూకారు. దుర్గవ్వ చంద్రమ్మను గిల్లి చూసి, "సల్లగ లేదు, ఎచ్చగనే ఉంది" అని ప్రకటించింది.

దశరథానికి ముందు ప్రాణం లేచొచ్చింది, తర్వాత చీర గుర్తొచ్చింది. "నువ్వు సచ్చినవనుకొని తెచ్చిన. వాపస్ ఇయ్యి."

"తల్లిగారింటి చీర వాపస్ తీసుకునుడు ఏడన్న ఉందా? అడుగు పెద్దమనుషులను." చంద్రమ్మ అప్పటికే మడత విప్పి అంచు చూస్తోంది. "రాయి సంగతి గూడ అందరు విన్నరు గదా?"

విన్నామని వాకిలంతా ఒక్క గొంతుతో చెప్పింది.

రోడ్డు తెరిచాక మాధవీలత వచ్చింది. షామియానా చూసి గుమ్మంలోనే చెప్పులు విప్పి, గొంతు తగ్గించి అడిగింది. "అయ్యో, ఎవరండీ?"

"మీ పార్సిలే మేడం."

ఆమె పార్సిల్ విప్పింది. వేలెడంత సీసాలో చిటికెడు తెల్లటి పొడి. పక్కనున్న కాగితం చదివి, "ఈసారి ఎండబెట్టి పొడిచేసి పంపారు. మామూలు వేడిలో కూడా నెలరోజులు ఆగుతుంది" అంది.

కుర్మయ్య షామియానా వంక, జనరేటర్ వంక, తల్లి కట్టుకున్న కొత్త చీర వంక చూశాడు. "మరి చల్లగ ఉంచుమన్నరు గద మేడం?"

"జాగ్రత్త కోసం ఎవరికైనా అలాగే చెబుతామండీ. కానీ మీ అంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. మేనేజర్‌గారికి నేనే చెబుతాను."

పై నెల కుర్మయ్య పర్మినెంట్ అయ్యాడు. ఆ పొడి పరిశోధనశాలలో దేనికి చక్కెర తగిలించిందో అతనికి ఎవరూ చెప్పలేదు గానీ, పాల్మాకులలో మాత్రం ఒక గెట్టు రాయిని ఐదు గజాలు వెనక్కి జరిపింది.