ఆకలికి తగ్గ చొక్కా

రోగక్రిములను చంపకండి! పిలిచి పీట వేయండి. కరువు మండలాలకు వాటిని మించిన గురువులు లేరు!

నవ్వకండి. జబ్బుల ల్యాబ్‌లో పనిచేసే భారతి చెప్పగా విన్నాను. తిండి దండిగా ఉంటే కొన్ని క్రిములు ఒంటి చుట్టూ జిగట చక్కెరతో మందపాటి కోటు తొడుక్కుంటాయట. ఇనుము కరువైన చోట కొన్నింటికి పైపొరే మారిపోయి, దొరికిన కాస్తా లాక్కునే కొక్కేలు మొలుస్తాయట. పాత కోటును గుర్తుపెట్టుకున్న మన ఒంటి కాపలాదార్లు కొత్తదాన్ని చూసి తికమకపడతారట. కంటికి ఆనని ప్రాణికి ఎంత తెలివి! తిండిని బట్టి చొక్కా!

మరి మనమో?

మడకశిర దగ్గర మా ఊరికి కరువును చూసిపోయే సర్కారు బృందం వస్తోందని కబురొచ్చింది. వాళ్లు చూసి సరేనంటేనే గొర్రెలకు మేత. గొర్రెలు కాసే మారెక్క మంద అప్పటికే ఎండుమేతగా దాచిన వేరుశనగ కట్టె ముగించి, సర్కారు తుమ్మకాయలు ఏరుకుంటోంది. ఈనిన గొర్రెల పొదుగుల్లో పాలు లేవు.

మనవాళ్లేం చేశారు? పెట్టెల్లోంచి పెళ్లి చొక్కాలు తీశారు! వీధంతా తోరణాలు కట్టారు. మారెక్కేమో తాగే నీళ్లు పోసి గొర్రెలను కడిగి, పసుపు పూసింది.

"ఏం మారెక్కా, గొర్రెలకు పెండ్లా?" అన్నాను.

"ఊరికే నగొద్దప్పా! ఊర్లోకొచ్చే పెద్దోళ్లకు మురికి గొర్రెల్ని చూపిస్తే మానం పోదా?"

క్రిమికి మానం లేదు. అందుకే బతికిపోయింది!

బృందం వచ్చింది. తళతళలాడే బొచ్చును కారు అద్దంలోంచి చూసి పెద్దసారు "వెరీ హెల్దీ!" అన్నాడు. చెయ్యి పెట్టి తడిమితే ఎముకలు తగిలేవి. తడమాలంటే కారు దిగాలి కదా! ఎండలో అంత సాహసం ఎవరు చేస్తారు?

మేత రాలేదు. ఈనిన గొర్రెల్లో ఒకటి పోయింది. దాని పిల్లను ఒళ్లో పెట్టుకుని మారెక్క అడిగింది.

"వాళ్లు మళ్లా వస్తారంటనా?"

"వస్తే?"

"ఈతూరి కడగనప్పా. కడిగేదానికి నీళ్లు యాడుండాయి?"

క్రిమి చొక్కా మార్చిందంటే చాలు, ఏం తిన్నదో, ఏది దొరక్క మార్చిందో తేలేదాకా భారతి దాన్ని వదలదు. అందుకే ఏలినవారికి నాదొక మనవి. మారెక్క మందను కూడా రోగక్రిముల్లో చేర్చండి! అప్పుడైనా ఆ బొచ్చు కింద ఏముందో చూడటానికి ఎవరో ఒకరు కారు దిగుతారు.